బోర్లా పడుకుని చూడవలసిన చెరువు

దస్తగిరి ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ జిల్లా కేంద్రంలో ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు సైజులు అతని వృత్తి. కొండలు అతని వ్యసనం. ఆదివారం వచ్చిందంటే చాలు, భుజాన లెన్సుల సంచీ, స్కూటరు ముందు మూడు కాళ్ల స్టాండు పెట్టుకుని ఏ గుట్ట వైపో వెళ్లిపోయేవాడు. రాళ్లకూ రప్పలకూ ఫోటో తీసే మనిషిని ఇతన్నొక్కణ్నే చూశామని బజారులో నవ్వుకునేవారు. మనుషులు సరిగ్గా బటన్ నొక్కే వేళకు కళ్లు మూస్తారు, కొండ మూయదు కదా అని అతని సమాధానం.

అలాంటివాణ్ని ప్రభుత్వమే పిలిచి కొండల ఫోటోలు తీయమంది.

కారణం రాజధాని నుంచి వచ్చిన ఒక ఉత్తర్వు. జిల్లాల నివేదికల్లో అబద్ధాలు మితిమీరిపోయాయని పైవాళ్లు కనిపెట్టారు. అక్షరాలు అబద్ధమాడతాయి, అంకెలు అంతకన్నా ఎక్కువ ఆడతాయి, ఫోటో మాత్రం ఆడదు అని ఒక పెద్దమనిషి సమావేశంలో అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేలోపల ఉత్తర్వు తయారైంది. ఇకమీదట చెట్లెన్ని, నీళ్లెన్ని అని ఎవరూ రాసి పంపనక్కరలేదు. ప్రతి శాఖా తన ప్రగతిని ఫోటో తీసి పంపాలి. ఆ ఫోటో మీద స్కేలు పెట్టి కొలిచి, ప్రగతి ఎంతో పైన వాళ్లే లెక్క తేలుస్తారు.

జిల్లాలో ‘ప్రగతి దృశ్య విభాగం’ వెలిసింది. దానికి ఉపసంచాలకులుగా వామనమూర్తి గారు వచ్చారు. మనిషి పొట్టి, మాట పొడుగు. ‘వచ్చాను’ అనవలసిన చోట ‘విచ్చేయడం జరిగింది’ అంటారు. ఆకలేస్తే భోజన విషయమై తగు చర్య తీసుకోవలసి ఉన్నదని బంట్రోతుకు చెబుతారు. జిల్లా మొత్తంలో నాలుగు రకాల లెన్సులున్న మనిషి దస్తగిరి ఒక్కడేనని విచారణలో తేలడంతో ఆయన అతన్ని ఔట్‌సోర్సింగ్ మీద తీసుకున్నారు. మెళ్లో గుర్తింపు కార్డు పడిన రోజు దస్తగిరి నేరుగా రాళ్లవంక వెళ్లి అక్క ఖాశింబీకి చూపించాడు. అమ్మ పోయాక అతన్ని సాకింది ఆవిడే. మొగుడు పోయాక ఆ ఊళ్లోనే రెండెకరాల బీడునూ, రెండు మేకలనూ నమ్ముకుని ఉంటోంది. ఆవిడ కార్డు తిప్పి తిప్పి చూసి, ఇందులో నీ మొహం బాగా పడలేదురా అంది.

మొదటి పని హరితవనం. జిల్లా కేంద్రం బయట, రాళ్లవంక వెళ్లే రోడ్డు పక్కన మూడు కిలోమీటర్ల పొడవునా మొక్కలు నాటి రెండేళ్లయింది. మేకలు దయదలచి వదిలేసినవి ఇరవై అడుగులకొకటి చొప్పున మిగిలాయి. దస్తగిరి ఆ చివర నిలబడి ఆలోచించాడు. వెనకాల ఆ దారిలోని బోడికొండ నిండుగా కనిపిస్తే ఫోటోకు అందం వస్తుందని నాలుగు వందల ఎం.ఎం. లెన్సు బిగించాడు. అది మోచేయంత పొడుగు లెన్సు. దాని గుణం ఏమిటంటే దూరాన్ని మింగేస్తుంది. ముందు చెట్టుకూ వెనక చెట్టుకూ మధ్యనున్న ఖాళీని నొక్కి నొక్కి లేకుండా చేస్తుంది. ఫోటోలో మొక్క మీద మొక్క, కొమ్మ మీద కొమ్మ పడి, చీమ దూరే సందు లేని కీకారణ్యం కనబడింది. దాని వెనక బోడికొండ ఆకాశాన్ని ఆనుకుని నిలబడింది.

దస్తగిరి నిజాయితీపరుడు. ఫోటో బల్ల మీద పెట్టి, ఇది లెన్సు చేసిన పనేననీ, అక్కడ నిజానికి అడవి లేదనీ ముందే చెప్పేశాడు.

వామనమూర్తి గారు చాలాసేపు ఫోటోలోకి చూశారు.

“అడవి లేదని నీవు ఏ ఆధారముతో అంటున్నావు?”

“నేను ఆడ నడిచినాను సార్.”

“నడక అనునది ఆమోదిత ప్రమాణము కాదు. ఛాయాచిత్రము ఆమోదిత ప్రమాణము.”

ఫోటో రాజధానికి వెళ్లింది. స్కేలు పెట్టి కొలిచారు. వారం తిరగకుండా జిల్లాకు దట్టమైన అడవుల పెంపకంలో ప్రశంసాపత్రం వచ్చింది. దాని వెంటే అటవీశాఖ వాళ్లు ఆ రోడ్డు పక్కన ‘చిరుతపులులు సంచరించు ప్రాంతము’ అని బోర్డు పాతారు. ఆ బోర్డు నీడలో మేకలు పడుకోవడం మొదలుపెట్టాయి.

ఆ రోజు నుంచి వామనమూర్తి గారు లెన్సుల విద్య శ్రద్ధగా నేర్చుకున్నారు. దస్తగిరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగేవారు, నోట్సు రాసుకునేవారు. ఇన్నేళ్లలో తన విద్య గురించి అంత ఓపిగ్గా విన్నవాళ్లు ఎవరూ లేకపోవడంతో దస్తగిరి పొంగిపోయి అంతా చెప్పేశాడు. పొడుగు లెన్సు దూరాన్ని మింగితే, పదహారు ఎం.ఎం. పొట్టి లెన్సు దూరాన్ని సాగదీస్తుంది. కాళ్ల దగ్గరున్నది కొండంత అవుతుంది, దూరాన ఉన్న కొండ చీమలపుట్ట అవుతుంది. ఇక ఎపర్చరు అనేది లెన్సుకు కనుపాప. బాగా విప్పితే చూసినదొక్కటే స్పష్టంగా ఉండి, వెనకదంతా మంచులో కరిగిపోయినట్టు మసకవుతుంది. బాగా ముడిస్తే కాళ్ల ముందు గడ్డిపోచ నుంచి కొండ మీది రాయి దాకా అన్నీ స్పష్టంగా పడతాయి.

“అయితే మసక అనునది మన అధీనములో ఉన్నదన్నమాట,” అన్నారు వామనమూర్తి గారు. ఆ మాటను నోట్సులో రాసుకుని కింద గీత గీశారు.

పురపాలక సంఘం చెత్తకుప్ప ముందు ఒక బంతిపూల కుండీ పెట్టించి, కనుపాప పూర్తిగా విప్పి తీయమన్నారు. తీస్తే బంతిపువ్వు వెనక చెత్తకుప్ప బంగారు పొగమంచులా మెరిసింది. ఆ పట్టణానికి పరిశుభ్రతలో రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం పొందిన పట్టణంలో కుండీ ఇంకా పెద్దదట.

తర్వాత రాళ్లవంక చెరువు. చెరువన్న మాటేగాని నాలుగేళ్లుగా అందులో నీళ్లు లేవు. మొన్నటి జల్లుకు నడిమధ్యలో అరెకరం కూడా లేని మడుగు ఒకటి నిలిచింది, మడమలు మునిగేంత లోతు. ఊరికి తాగునీళ్లు రోజూ ట్యాంకరులో వచ్చేవి. దస్తగిరి తెల్లవారుజామున వెళ్లి, మడుగు అంచున బోర్లా పడుకుని, పొట్టి లెన్సును నీటికి జానెడు ఎత్తులో పెట్టి, ఎర్రటి ఆకాశం నీళ్లలో పరుచుకునే క్షణం దాకా ఊపిరి బిగబట్టి తీశాడు. అంత చక్కటి ఫోటో అతను జీవితంలో తీయలేదు. సముద్రం లాంటి చెరువు, దానికి అవతల గట్టు మీద గోరంత బోడికొండ. ఆ పూట ఇంటికి వచ్చేదాకా స్కూటరు మీద కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. అది ఎక్కడికి వెళుతుందో, వెళ్లి ఏం చేస్తుందో అతను ఆలోచించలేదు. ఆ సంగతి తర్వాత అతనే ఒప్పుకున్నాడు.

ఈ మూడు విజయాలతో వామనమూర్తి గారు ఒక సర్క్యులరు విడుదల చేశారు. వనములు నాలుగు వందల ఎం.ఎం.లోనూ, జలములు పదహారు ఎం.ఎం.లోనూ చూపవలెను. పారిశుధ్యమునకు కనుపాప పూర్తిగా విప్పవలెను. రోడ్లకు పొడుగు లెన్సు వాడరాదు, ఏలననగా అది గుంతలన్నింటినీ దగ్గరకు చేర్చును. మనిషి కన్ను చూసినట్టే చూపే యాభై ఎం.ఎం. లెన్సు ‘అనుత్పాదక దృష్టి’ కాబట్టి విభాగపు అనుమతి లేనిదే దానిని సంచీలో నుంచి బయటకు తీయరాదు. బడి, ఆసుపత్రి, పశువైద్యశాల, ఎవరికి వారు తమకు కావలసిన దూరానికీ మసకకూ దరఖాస్తులు పెట్టుకున్నారు. పదిహేను మంది పిల్లలున్న బడికి పొడుగు లెన్సు మంజూరై, హాజరు రెట్టింపయింది.

చిక్కు మొదట గనుల శాఖ నుంచి వచ్చింది. రాజధానిలో ఎవరో హరితవనం ఫోటోనూ, చెరువు ఫోటోనూ పక్కపక్కన పెట్టి కొలిచారు. మొదటిదాంట్లో బోడికొండ ఎత్తు నాలుగంగుళాలు, రెండోదాంట్లో కాలంగుళం. రెండు ఫోటోల మధ్య వ్యవధి పదకొండు రోజులు. మిగతా కొండ ఏమైందో వారంలోగా సంజాయిషీ చెప్పాలని నోటీసు వచ్చింది. ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి, ఎదురుగా ఉన్న కొండను చూసి, ఫోటోను చూసి, కొండ దొంగతనం జరిగినట్టు పంచనామా రాసి, కొండ మీదనే ఒక బండకు నోటీసు అంటించి పోయాడు. కొండ కనబడుతోంది కదా అని దస్తగిరి అడిగితే, దొంగసొత్తు కనబడినంత మాత్రాన దొంగతనం జరగలేదని అనలేమన్నాడు.

దస్తగిరి ఆ సంగతి నవ్వుతూ నలుగురికీ చెప్పుకున్నాడు. వారం తర్వాత అతని నవ్వు ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నం ఖాశింబీ స్టూడియోకు వచ్చింది. చేతిలో ఖాళీ బిందె. బస్సులో బిందె పట్టుకుని పాతిక కిలోమీటర్లు వచ్చిందంటే ఏదో జరిగిందని దస్తగిరికి అర్థమైంది. కూర్చోమంటే కూర్చోలేదు. గోడ మీద పెద్దది చేసి తగిలించిన చెరువు ఫోటో ముందు నిలబడి చాలాసేపు చూసింది.

“బాగా తీసినావు అబ్బీ. ట్యాంకరు నిలిచిపోయి తొమ్మిది దినాలైంది. అడిగితే మీ చెర్లో నీళ్లుండాయి, ఫోటోలో చూసినామంటాండారు. ఈ ఫోటోలోంచి నీళ్లెట్ల ముంచుకోవల్లో అదొకటి చెప్పు, పోతా.”

అంది అంతే. గొంతు పెంచలేదు. దస్తగిరి బిందెను స్టూడియో కుళాయి కింద నింపి, ఆవిణ్నీ బిందెనూ స్కూటరు మీద ఎక్కించుకుని రాళ్లవంక బయలుదేరాడు. దారిలో సగం నీళ్లు ఒలికిపోయాయి.

ఊరి మొగదల ‘జలసమృద్ధ గ్రామము’ అని బోర్డు వేలాడుతోంది. చెరువులో ఇంకా చాలా ప్రగతి జరిగిపోయింది. మత్స్యశాఖ వాళ్లు ఎనభై వేల చేపపిల్లల్ని తెచ్చి మడుగులో వదిలితే కొంగలు మూడు జిల్లాల నుంచి వచ్చి పండగ చేసుకున్నాయి. పర్యాటకశాఖ హంస ఆకారంలో రెండు తొక్కుడు పడవలు పంపింది. అవి ఎండిన మట్టి మీద మెడలెత్తుకుని కూర్చున్నాయి, వాటిలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ప్రమాదనివారణ కింద ఒక గజ ఈతగాణ్ని కూడా నియమించారు. అతను మెళ్లో ఈల, నడుముకు గాలి ట్యూబు పెట్టుకుని, గోళీలాడే పిల్లల్ని లోతుకు పోవద్దని రోజంతా గదమాయిస్తున్నాడు. ఆడవాళ్లు మాత్రం మూడు కిలోమీటర్ల అవతల ఒక తోటలోని బోరు దగ్గరికి నడిచి వెళ్లి, తోటమాలి పట్టుకోనిచ్చినప్పుడు తెచ్చుకుంటున్నారు. ఒక ముసలావిడ దారిలో పడి కాలు విరగ్గొట్టుకుంది.

ఆ సాయంత్రమే దస్తగిరి యాభై ఎం.ఎం. లెన్సు బయటకు తీశాడు. చెరువు గట్టెక్కి, మామూలు మనిషిలా నిలబడి, కనుపాప బాగా ముడిచి తీశాడు. ముందు నెర్రెలిచ్చిన మట్టి, నడుమ మడుగు, దాని పక్కన హంసలు, దూరంగా బిందెలెత్తుకుని వస్తున్న ఆడవాళ్ల వరస, ఆపైన బోడికొండ, అన్నీ ఉన్నవి ఉన్నట్టు, ఉన్నంత సైజులో, స్పష్టంగా పడ్డాయి. ఫోటో అందంగా లేదు. మర్నాడు పొద్దున్నే దాన్ని వామనమూర్తి గారి బల్ల మీద పెట్టాడు.

ఆయన దాన్ని వేలితో ముట్టుకోలేదు.

ఈ చిత్రములో క్రమశిక్షణ లోపించినదని అన్నారు. ఏది ముఖ్యమో ఏది కాదో తెలియకుండా అన్నింటికీ సమాన స్పష్టత ఇవ్వడం పరిపాలనా విరుద్ధమన్నారు. పైగా ఇది నిలబడి తీసినట్టున్నది, చెరువు విషయమై ఆమోదితమైన భంగిమ బోర్లా పడుకొనుట అని సర్క్యులరు తీసి చూపించారు. పది రోజులుగా ఊరికి నీళ్లు లేవు, అక్కడ మా అక్క ఉంటోంది అని దస్తగిరి ఎంత చెప్పినా, ఆవిడ కూడా బోర్లా పడుకుని చూసినట్లయితే అపోహ తొలగిపోగలదని ఆయన ఓదార్చారు. మనిషి చెడ్డవాడేం కాదు. తన మాట తను నిజంగానే నమ్మాడు.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి పరిశీలక కమిటీ వస్తున్నట్టు కబురొచ్చింది. అన్ని జిల్లాల్లోనూ అంత పెద్ద చెరువు ఇంకెక్కడా లేదట. ఫోటోకూ వాస్తవానికీ తేడా లేదని ధ్రువీకరించి, ఆ చెరువును రాష్ట్రానికే నమూనాగా ప్రకటిస్తారట. దస్తగిరికి ప్రాణం లేచివచ్చింది. కళ్లున్న మనుషులు వస్తున్నారు, కళ్లతో చూస్తారు, దాంతో ఈ గొడవ తీరిపోతుంది అనుకున్నాడు.

వామనమూర్తి గారు ఆ సాయంత్రమే చెరువుకు వెళ్లి స్వయంగా బోర్లా పడుకుని చూశారు. ఎండలకు మడుగు ఇంకా కుంచించుకుపోయింది. ‘దృశ్య పరిరక్షణ’ పద్దు కింద మర్నాటి నుంచి ట్యాంకర్లు వచ్చాయి. ఆ ట్యాంకర్లే, ఆ డ్రైవర్లే. కాకపోతే ఊళ్లో ఆగకుండా నేరుగా చెరువులోకి దిగి, గొట్టం విప్పి, మడుగులో పోసి వెళుతున్నాయి. ఆడవాళ్లు బిందెలతో వెంటపడితే, ఇవి తాగే నీళ్లు కాదమ్మా, చూసే నీళ్లు అని డ్రైవర్లు బాధగానే చెప్పారు. వాటి దగ్గరికి ఎవరూ రాకుండా గజ ఈతగాణ్ని కాపలా పెట్టారు.

కమిటీ వచ్చిన రోజు ఉదయం మడుగు అంచున పందిరి వేసి, కింద ఎర్ర తివాచీ పరిచి, దాని మీద ఏడు పరుపులు వరసగా వేశారు. ఒక్కో పరుపు మీద గడ్డం ఆనించుకోవడానికి దిండు. కారు దిగే చోటు నుంచి పందిరి దాకా దారికి రెండు పక్కలా, పందిరికి చెరువు వైపు తప్ప మూడు పక్కలా గుడ్డ కట్టారు. ఆ గుడ్డల మధ్య వంగి నడుచుకుంటూ వచ్చి నేరుగా పడుకోవాలి. కమిటీ అధ్యక్షులు రంగనాయకులు గారు భారీ మనిషి, మోకాళ్ల నొప్పులు. ఇద్దరు పట్టుకుని ఆయన్ను దించారు. మిగతా ఆరుగురూ హోదాల వరసలో పడుకున్నారు. దస్తగిరి ఫోటోలు తీయడానికి పక్కన నిలబడ్డాడు.

నీటికి జానెడు ఎత్తులోంచి చూస్తే నిజంగానే నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. ఆకాశం వాటిలో పరుచుకుని ఉంది.

“అద్భుతము. ఛాయాచిత్రముతో అక్షరాలా సరిపోవుచున్నది,” అన్నారు అధ్యక్షులు దిండు మీంచి.

దస్తగిరికి ఉద్యోగం గుర్తొచ్చింది, బిందె గుర్తొచ్చింది. ముందుకు వెళ్లి, ఆయన చెవి దగ్గర వంగి, ఒక్కసారి లేచి నిలబడి చూడమని అడిగాడు.

“పరిశీలనా విధివిధానములలో నిలబడుట లేదు,” అన్నారు రంగనాయకులు గారు. నిలబడాలంటే ఇద్దరు మనుషులు కావాలన్న సంగతి ఆయన చెప్పలేదు.

అప్పుడే అవతలి ఒడ్డున ట్యాంకరొకటి వచ్చి ఆగింది. పరిశీలన వేళకు పోయడం ఆపమని డ్రైవరుకు ఎవరూ చెప్పలేదు. అతను గొట్టం విప్పాడు. ఇవతలి ఒడ్డున, పందిరికి కొంచెం ఎడంగా, ఖాశింబీ నిలబడి ఉంది. గొట్టంలోంచి ధారగా పడుతున్న నీళ్లు చూసింది. మడుగు చుట్టి వెళితే ఆలస్యమవుతుంది. చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని, ఖాళీ బిందె నెత్తిన పెట్టుకుని మడుగులోకి దిగింది. ఈతగాడు ఈల మీద ఈల ఊదాడు. ఆవిడ వెనక్కి కూడా చూడలేదు.

పరుపుల మీదున్న ఏడుగురికీ మహాసముద్రం నడిమధ్యలో ఒక ఆడమనిషి బిందెతో తాపీగా నడిచిపోతూ కనబడింది.

కమిటీలో ఒకాయన దండం పెట్టాడు. ఆమె ఎట్లా నడుస్తోందని అధ్యక్షులు అడిగారు. స్థానిక మహిళల స్వావలంబన అండీ అన్నారు వామనమూర్తి గారు. ఇక దస్తగిరి ఆగలేకపోయాడు.

“ఆడ చెరువు లేదు సార్. లెన్సు ఉంది. నేనే తీసినా. మడమల్లోతు నీళ్లు, అవి కూడా ఈ ఊరోళ్లు తాగాల్సిన నీళ్లు. ఆ పోయేది మా యక్క.”

రంగనాయకులు గారు దిండు మీద గడ్డం ఆనించుకునే దీర్ఘంగా ఆలోచించారు. అధికారుల ఆలోచన కూడా పొడుగు లెన్సు లాంటిదే, దూరదూరంగా ఉన్న విషయాల్ని ఒకదాని మీదికి ఒకటి తెచ్చి నొక్కేస్తుంది. ఆయన కమిటీ తీర్మానాన్ని అక్కడే చెప్పి రాయించారు. చెరువు నిండుగా ఉన్నది, ఇది ఛాయాచిత్రము ద్వారా, ప్రత్యక్ష పరిశీలన ద్వారా రుజువైనది. అంత నిండు చెరువులో గ్రామ మహిళలు ప్రాణములకు తెగించి నడచుచున్నారు, ఇదియు రుజువైనది. కావున గట్టు తెగినచో గ్రామము మునుగుట తథ్యము. రాళ్లవంకను ముంపు ప్రాంతముగా ప్రకటించి, గ్రామస్థులను తక్షణమే పునరావాస శిబిరమునకు తరలించవలెను. చివర్లో, నిలబడి మాట్లాడినందుకు దస్తగిరిని తొలగించవలెనని కూడా రాయించారు.

మండుటెండలో, దుమ్ము రేపుకుంటూ, మూడు లారీలూ ఒక రబ్బరు పడవా వచ్చాయి. వరదబాధితుల్ని ఎక్కించుకుని ఊరికి అరమైలు దూరంలోని పాత హైస్కూలు ఆవరణలో దించాయి. ఇదేం ఖర్మరా అని జనం మొదట తిట్టుకున్నారు. కాలు విరిగిన ముసలావిణ్ని మంచంతో సహా ఎత్తుకొచ్చారు. మేకలు లారీ ఎక్కనన్నాయి, వాటిని నడిపించుకొచ్చారు.

సాయంత్రానికి శిబిరం గేటు దగ్గర రెండు ట్యాంకర్లు నిలబడ్డాయి. వరదబాధితులకు మనిషికి రోజుకు నలభై లీటర్ల మంచినీళ్లు ఇవ్వాలని ఎప్పటిదో ఒక ఉత్తర్వు ఉందట. నీళ్లతో పాటు రెండుపూటలా అన్నం, సాంబారు. కరువు వచ్చిన నాలుగేళ్లలో రాళ్లవంకకు ఒక్క పూట కూడా అన్ని నీళ్లు రాలేదు. జనం తాగారు, పిల్లలకు పోసుకున్నారు, మేకలకు పెట్టారు. అప్పటికీ మిగిలితే ఏం చేయాలో తెలియక కాసేపు చూస్తూ కూర్చున్నారు.

నాలుగు రోజుల్లోనే వాళ్లకు అలవాటైపోయింది. రాత్రి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లి పడుకుని, పొద్దున్నే వరదబాధితులుగా శిబిరానికి తిరిగివచ్చేవారు. దస్తగిరి రోజూ స్టూడియో కట్టేశాక వచ్చి అక్క దగ్గర కూర్చునేవాడు. ఉద్యోగం పోయినందుకు అతనికి బాధ లేదు. నిజం చెప్పినా అబద్ధమే గెలిచిందని మాత్రం లోపల గుచ్చుకుంటూ ఉండేది.

రెండోవారం వామనమూర్తి గారే స్టూడియోకు విచ్చేయడం జరిగింది. శిబిరం కొనసాగాలంటే వరద ఇంకా ఉన్నట్టు ప్రతి సోమవారం ఫోటో పంపాలి. కొత్తగా పెట్టుకున్న ఫోటోగ్రాఫరు నిలబడి ఫోటో తీసి తెచ్చాడు. ఆ ఫోటో వెళితే శిబిరం ఎత్తేస్తారు, చెరువు ప్రతిష్ఠా పోతుంది. అందుచేత దస్తగిరి సేవలు పునర్వినియోగించుకొనదలచినట్టు ఆయన తెలిపారు. ఇక అలాంటి ఫోటో చచ్చినా తీయనని దస్తగిరి ఒట్టు పెట్టుకుని ఉన్నాడు. ఆ మాట ఆయనతోనే అనేశాడు. ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాక, శిబిరానికి వెళ్లి అక్కతో కూడా చెప్పాడు, మెచ్చుకుంటుందనుకుని.

ఖాశింబీ బిందె తోముతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

“మొదాట నీళ్లు పోయేదానికి తీసినావు. ఇప్పుడు వచ్చేదానికి తీయవా?”

దస్తగిరి ఆ రాత్రంతా ఒట్టుకూ బిందెకూ మధ్య దొర్లాడు. తెల్లవారకముందే లేచి వెళ్లి, మడుగు అంచున, బురదలో, బోర్లా పడుకున్నాడు.

సోమవారం పునరావాస అధికారి వచ్చాడు. కొత్తవాడు, కుర్రవాడు, మర్యాదస్థుడు. ఫోటో చూసి నిట్టూర్చి, నిబంధన ప్రకారం బాధితుల్లో ఒకరి వాంగ్మూలం కూడా కావాలని కాగితం తీశాడు. వరసలో ముందున్నది ఖాశింబీ. వరద ఏమైనా తగ్గిందామ్మా అని అడిగాడు. ఎండ చుర్రుమంటోంది. శిబిరం చుట్టూ నేల నెర్రెలిచ్చి ఉంది. దూరంగా బోడికొండ మీద నోటీసు కాగితం గాలికి రెపరెపలాడుతోంది.

ఖాశింబీ చెరువు వైపు తిరిగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, శ్రద్ధగా చూసింది.

“యాడ తగ్గింది సామీ. రాత్రి ఇంగో జానెడు పెరిగినట్టుండాది.”

అధికారి జాలిపడి రాసుకున్నాడు. ఆమె బిందెను ట్యాంకరు కుళాయి కిందికి జరిపింది.